జేబులోని జంతుశాల



ఆర్ద్రకార్తె వచ్చి తొలివానలు కురియగానే చేలగట్ల వెంట ఎఱ్ఱని పట్టుగుడ్డ ముక్కలవలె ప్రాకెడి ఆరుద్రపురుగులను చిన్ననాట చేతబట్టని వారు మీలో నుండరు. తుమ్మచెట్లమీది బంగారుపురుగులను పట్టి, అగ్గిపెట్టెలో నుంచి, లేత తుమ్మాకు మేపి, అది గ్రుడ్డు పెట్టినదా లేదా యని బడిలో బల్లక్రింద పెట్టె తెరచి చూచి దెబ్బలు తినుట నాకు నేటికిని జ్ఞాపకమున్నది. తూనీగ తోకకు దారము గట్టి యెగురవేసిన పాపమును గూడ నొప్పుకొందును.

ఈనాడు నేను ముచ్చటింపబోవునది యొక చేతిఫోను ఆటను గూర్చి. దాని పేరు ‘పోకెమాన్ గో’. అందు పురుగులు, పక్షులు, చేపలు, చతుష్పాత్తులు, ఇవి యేవియు గాని వింతజీవులు కనబడుచుండును. ఆటగాడు వానిని బంతులతో కొట్టి పట్టుకొనును. విదేశములందలి పెద్ద వినోదవనములకు పోయినవారు పలువురు అచ్చటి కోటలను, రంగులరాట్నములను చూచుచునే చేతిలో నీ వేటయు సాగించుచుందురు. ముప్పది నలువది యేండ్లు వచ్చిన గృహస్థులు, బిడ్డల తండ్రులు ఇట్లు చేయుదురన్నచో మీకు విడ్డూరముగా నుండవచ్చును. నాకును నట్లే యుండెను. ఉన్నమాట చెప్పవలయునన్న, కోపము వచ్చెను. ఆ కోపము సంగతి పిమ్మట మనవి చేసెదను.

జపాను దేశమున తోక్యో నగరపు పొలిమేరలో మచిద యను ఊరు కలదు. 1965వ సంవత్సరమున జన్మించిన సతోషి తజిరి అనునతడు బాల్యమున నచ్చటి వరిమళ్ళలోను కుంటలలోను పురుగులు పట్టుటయే పనిగా బెట్టుకొనెను. తోడిపిల్లలు అతనిని ‘పురుగుల డాక్టరు’ అని వేళాకోళము చేసెడివారట. అతడు పెరుగుచుండగనే నగరమును పెరిగినది. కుంటలు పూడ్చిరి, మళ్ళు చదును చేసిరి, మేడలు కట్టిరి. పురుగులు పోయినవి. పెద్దవాడైన పిమ్మట నతడు, పట్టణపు పిల్లలకు పురుగులు పట్టెడి సంబరమును మరల గలిగింపవలయునని తలచి, చేతిలో నిముడు ‘గేమ్ బాయ్’ అను ఆటపెట్టె కొఱకు ఒక యాట కూర్చెను. రెండు పెట్టెలను గలిపెడి తీగను చూచినప్పుడు, ఆ తీగ వెంబడి పురుగు లొక పెట్టెనుండి మరియొక పెట్టెకు ప్రాకిపోవుచున్నట్లు అతనికి తోచెనట. ఆ యూహ కార్యరూపము దాల్చుటకు ఆరేండ్లు పట్టినది. 1996 ఫిబ్రవరి 27వ తేదీన ఆ యాట జపానులో వెలువడెను. ‘పాకెట్ మాన్‌స్టర్స్’, అనగా జేబులోని భూతములు అను మాటలను కుదించి పోకెమాన్ అనిరి. మొదట నుండిన జీవులు 151. నేడు వేయికి మించినవి.

పట్టిన ప్రతి జీవికిని పేరు, జాతి, ఎత్తు, బరువు, స్వభావము తెలుపు నిఘంటు వొకటి ఆ యాటలో గలదు. అమరకోశము ద్వితీయకాండమునందలి సింహాదివర్గమును వల్లించి భాషాప్రవీణ పరీక్షకు గూర్చున్న నాకు ఈ నిఘంటువు అంత పరాయిదిగా దోచలేదు. ఆరేండ్ల నా మనుమడు నూటయేబది పేర్లను వరుస తప్పక చెప్పును. వాని నిఘంటువులో పర్యాయపదములు లేవు. అదియొక్కటే లోపము.

ఆటపెట్టెలోని జంతువులు వీథులలోనికి వచ్చినది 2016వ సంవత్సరమున. అమెరికాలోని నయాంటిక్ అను సంస్థ, పోకెమాన్ సంస్థతో గలిసి, ఆ యేడు జూలై 6వ తేదీన మొదట ఆస్ట్రేలియా, న్యూజిలాండు, అమెరికా దేశములందు ‘పోకెమాన్ గో’ను విడుదల చేసెను. మన దేశమున నది అధికారికముగా డిసెంబరు నెలలో వచ్చినది. 2019 నాటికి నూరుకోట్లమారులు జనులు దానిని ఫోనులలోనికి దింపుకొనిరి.

దీని కీలకము నడక. ఇంట గూర్చున్నవానికి దొరకునది స్వల్పము. ఫోనులో జీపీఎస్ అను సాధనము గలదు గదా. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున దిరుగు ఉపగ్రహములు నిరంతరము సంకేతములు పంపుచుండును. సంకేతము బయలుదేరిన కాలమునకును, ఫోనునకు జేరిన కాలమునకును గల భేదమును బట్టి దూరము తెలియును. మూడు ఉపగ్రహముల దూరము తెలిసినచో స్థానము తేలును. ఫోనులోని గడియారపు తప్పును దిద్దుటకు నాలుగవది కావలయును. ఇట్లు మన మున్నచోటు కొలది మీటర్ల తేడాతో దొరకును. ఆట ఆ చోటును తన పటముమీద నొక బొమ్మమనిషిగా జూపును. మనము నడచిన నా బొమ్మ నడచును, నిలిచిన నిలుచును. బొమ్మ చెంతకు ఏదైన జీవి వచ్చినచో వేలితో తట్టి, తెరమీద బంతిని విసరి పట్టవలయును. ఒకచోట వెలసిన జీవి అచ్చటనున్న ఆటగాండ్రకందరకును గనబడును. ఒకరు పట్టినంతమాత్రమున రెండవవానికి లోటు లేదు. ఈ విషయమున నిది చెఱువులోని చేపలవంటిది గాదు, విద్యవంటిది.

బంతులు ఊరక రావు. పటముమీద నచ్చటచ్చట ‘పోకేస్టాప్’ లను చోట్లు గలవు. మనము మజిలీ లనుకొందము. అచ్చటికి బోయి తెరమీది చక్రమును త్రిప్పినచో బంతులు, మందులు, ఒక్కొక్కప్పుడు గ్రుడ్లు లభించును. గ్రుడ్డు పొదుగుటకు 2, 5, 7, 10, 12 కిలోమీటర్లు, ఆ గ్రుడ్డు జాతిని బట్టి, నడువవలయును. కారులో బోయిన లెక్కకు రాదు. వేగము మించినచో ఆ దూరమును విడిచివేయును. పట్టిన జీవులను కుస్తీకి దింపుటకు గోదాలవంటి ‘జిమ్ము’లును గలవు.

ఈ మజిలీలను ఎవరు నిర్ణయించిరి? ఇది తెలిసిననే వినోదవనముల సంగతి తెలియును. నయాంటిక్ వారు 2012లో ‘ఇన్‌గ్రెస్’ అను మరియొక యాటను ఆరంభించియుండిరి. ఆ యాట యాడువారే తమతమ యూళ్ళలోని విగ్రహములు, స్మారకస్తంభములు, నీటిచిమ్మెనలు, గుడులు, చర్చీలు, వింతకట్టడములు ఛాయాచిత్రములు దీసి పంపిరి. ఆ చోట్లే పిమ్మట పోకెమాన్ గోకు మజిలీలైనవి. కావున చూడదగిన వస్తువులెక్కువగా నున్నచోట మజిలీ లెక్కువ. పొలములమధ్య నున్న పల్లెలో నొకటి యుండిన నుండును, లేకున్న లేదు. అడుగడుగునకు విగ్రహము, బురుజు, వంతెన, బొమ్మ గల వినోదవనమున వానికి గొదువయేమి? అదిగాక వనములోపల కారులు రావు, దారులు చదునుగా నుండును, ఉదయమునుండి రాత్రివఱకు నడకయే. ఆటకు గావలసిన హంగులన్నియు నచ్చటనే యమరినవి.

2023 వేసవిలో నేను కాలిఫోర్నియాలో నుద్యోగము చేయుచున్న మా కుమారునియొద్దకు బోయితిని. అతడు కోడలిని, మనుమని, నన్ను వెంటబెట్టుకొని అనహైము అను నగరమునందలి డిస్నీలాండు చూపుటకు దీసికొనిపోయెను. టిక్కెట్టు మనిషి కొకటికి నూరు డాలర్లకు పైమాట. మన లెక్కలో ఎనిమిదివేల రూపాయలు దాటును. ఆ వెల విని నేను రాత్రి నిద్రపోలేదు. తెల్లవారి గేటు దాటితిమో లేదో, మావాడు ఫోను దీసి వ్రేలితో దువ్వుట మొదలుపెట్టెను. ముప్పదేండ్లవాడు! ఎదుట కోట కనబడుచున్నది, బ్యాండు మ్రోగుచున్నది, కొడుకు చేయిపట్టి లాగుచున్నాడు, వీడు తలవంచి నడచుచున్నాడు. “ఇంత డబ్బు పోసి, ఇంత దూరము వచ్చినది నీవు ఫోను చూచుకొనుటకా?” యని నేను గట్టిగనే యడిగితిని. అతడు తల యెత్తి మెల్లగా, “మీరు బావిలో పడవేసినవానినే యేరుకొనుచున్నాను నాన్నగారూ” అనెను.

నాకొక క్షణము బోధపడలేదు. బోధపడిన పిమ్మట మాట రాలేదు.

2004 ప్రాంతమున చిరుతిండి పొట్లములలో నీ జంతువుల బొమ్మలు గల గుండ్రని ప్లాస్టికు బిళ్ళలు వచ్చెడివి. బొమ్మల కథ టెలివిజనులో వచ్చుచుండెను. మావాడు నాలుగు డజనుల బిళ్ళలు పోగుచేసి, బిస్కత్తుల డబ్బాలో దాచుకొని, రాత్రులు లెక్కపెట్టుకొనుచుండెను. త్రైమాసిక పరీక్షలో లెక్కల మార్కులు తగ్గినవి. పండితుని కొడుకు పేరు చెడుచున్నదని నా కాగ్రహము. డబ్బా దెచ్చి, వాడు చూచుచుండగనే, పెరటిబావిలో బోర్లించితిని. వా డేడ్వలేదు. ఏడ్చినచో నా కది జ్ఞాపకముండెడిదేమో. ఇరువది యేండ్లు నేను మఱచితిని, వాడు మఱవలేదు.

అటుపిమ్మట నే నాతనితో కలిసి నడచుచు ఆటను పరికించితిని. చూడగా చూడగా ఆ వనమునకును ఈ యాటకును గల పొందిక కొంత తెలిసివచ్చెను. వినోదవనములో ముఖ్యమైన పని వరుసలో నిలుచుట. పది నిమిషముల సవారికి గంటసేపు నిలుతురు. మజిలీ చక్రము ఒకసారి త్రిప్పిన, అయిదు నిమిషములకు మరల త్రిప్పవచ్చును. 80 మీటర్ల దూరమునుండియే అది యందును. ఈ 80 మీటర్లకు నొక చిన్న చరిత్ర గలదు. మొదట దూరము 40 మీటర్లే. అంటువ్యాధి దినములలో జనులు గుమిగూడకుండుటకై 2020లో దానిని రెట్టించిరి. 2021 ఆగస్టులో అమెరికాలోను న్యూజిలాండులోను మరల తగ్గింపగా ఆటగాండ్రు పెద్దయెత్తున నిరసన దెలిపిరి. ఆ నెలలోనే సంస్థ వెనుకకు తగ్గి 80 మీటర్లే యుంచినది. వరుసలో చిక్కుకొన్నవాని కీ నలువది మీటర్ల భేదము గొప్పది. వాడు కదలకయే రెండు మూడు మజిలీల సొమ్ము రాబట్టుకొనును. మా మనుమడు వరుసలో విసుగుచెంది ఏడ్పు మొదలిడినపుడు తండ్రి ఫోను వాని చేతికిచ్చెను. ఇద్దరును తలలు చేర్చి ఒక పురుగును బట్టిరి. ఏడ్పు మానెను. మా చుట్టునున్నవారిలో పలువురు తలవంచి యేమేమో చూచుకొనుచుండిరి. కొందరు వార్తలు, కొందరు చిత్రములు, కొందరు వేట. తండ్రియు బిడ్డయు నొక్క తెరను జూచుచుండినది మాత్రము నాకు గనబడినంతలో ఈ వేటగాండ్రలోనే.

‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ అను పడవసవారి యొకటి యున్నది. 1964లో న్యూయార్కు ప్రదర్శనమునకై చేసిన దానిని 1966లో నిచ్చటికి దెచ్చిరి. కప్పు క్రింద, బొమ్మలమధ్య కాలువలో పడవ సాగును. అచ్చట నొక తమాషా చూచితిని. ఉపగ్రహ సంకేతము కప్పును సరిగా దాటిరాలేదు గనుక ఫోనునకు తానెచ్చటనున్నదో తెలియదు. పటముమీది బొమ్మమనిషి పూనకము వచ్చినవానివలె ఇటు నాలుగడుగులు, అటు పదడుగులు పరుగులు దీయసాగెను. మేము పడవలో గుదురుగా గూర్చుండియే యున్నాము. నవ్వాపుకొనలేకపోయితిని. పట్టాలమీద తలక్రిందుగా పరుగెత్తు బండ్లలో మాత్రము ఫోను జేబులోనుండి తీయరాదు. తీసినచో పోయినదన్నమాటే.

ఉత్తర అమెరికాలో దొరకు జీవులలో ‘టారస్’ అనునది యొకటి. మూడు తోకల ఎద్దు. దానిని నాచేత బట్టించిరి. మొదటి బంతి ఎటో పోయినది, రెండవది కొమ్ములకు దగిలి జారినది, మూడవదానికి జిక్కినది. అరువదినాలుగేండ్ల వయసున నేను చప్పట్లు కొట్టితినని మా కోడలు నేటికిని చెప్పుకొని నవ్వును.

ఆ వనమును నిర్మించిన వాల్ట్ డిస్నీ సంగతియు నిచ్చట చెప్పదగియున్నది. 1901లో జన్మించిన అతడు బాల్యమున నాలుగైదేండ్లు మిస్సోరి రాష్ట్రమునందలి మార్సెలీన్ అను చిన్న యూరిలో గడపెను. రైలుస్టేషను, ఒక ప్రధానవీథి, చుట్టును చేలు. కుటుంబమా యూరు విడిచినది. ఆతని మనసు విడువలేదు. 1955 జూలై 17వ తేదీన డిస్నీలాండు తెరచినపుడు, గేటు దాటగానే యెదురగు వీథిని తన చిన్ననాటి వీథి పోలికతో గట్టించెను. చుట్టును దిరుగుటకు రైలునేర్పరచెను. తజిరికి పోయిన కుంటలు, డిస్నీకి పోయిన వీథి. ఒకరు చేతిలో పట్టు పెట్టెలోను, మరియొకరు నారింజతోటల స్థానమున నూటయరువది యెకరములలోను తమ చిన్ననాటిని మరల గట్టుకొనిరి. నారింజచెట్లను గొట్టివేసి చిన్ననాటిని గట్టుట యేమి న్యాయమని ఆ తోటల పిల్లలెవరైన అడిగియుందురు. వారు గట్టుకొన్నదేమో నేనెఱుగను. మావాడు మాత్రము ఆ వీథిలో నిలుచుండి, తనకెన్నడును సంబంధములేని మిస్సోరి యూరి నడుమ, మన పెరటిబావిలోని బిళ్ళలను వెదకుకొనుచుండెను. ముప్పదేండ్లవారు దీని నేల యాడుదురని నేనిక నడుగలేదు.

దోషములు లేవనుకొనకుడు. తొలినెలలలో తల వంచుకొని నడచి గుంతలలో పడినవారు, పరుల పెరళ్ళలో జొరబడినవారు నుండిరి. వాషింగ్టనులోని యూదుల మారణకాండ స్మారక ప్రదర్శనశాలవారు 2016 జూలైలోనే తమ ఆవరణలో నీ యాట ఆడవద్దని గోరిరి. హిరోషిమా శాంతివనమువారు ఆగస్టు 6వ తేది స్మారకదినమునకు ముందుగా అచ్చటి మజిలీలను తీసివేయించిరి. అది సమంజసమే. శ్మశానమున వేట తగదు. మన దేశమున నధికారికముగా విడుదల గాకమునుపే, 2016 సెప్టెంబరులో, గుడులయొద్ద గ్రుడ్లు లభించుట భక్తుల మనసునకు గష్టమని గుజరాతు హైకోర్టులో వ్యాజ్యము వేసిరి. న్యాయస్థానము తాఖీదులు పంపెను. అవి తెరమీది గ్రుడ్లే గాని తినెడి గ్రుడ్లు గావు. అయినను గర్భగుడి యెదుట తలవంచవలసినది ఫోనునకు గాదన్నంతవఱకు నేను వారితో నేకీభవింతును.

జనము మితిమీరిన నాట నడువదు. 2017 జూలై 22న షికాగో నగరపు గ్రాంటు పార్కులో ఈ యాటకు తిరునాళ్ళు జేసిరి. ఇరువదివేలమంది వచ్చిరి. అందరి ఫోనులు నొక్కసారి పనిచేయబోగా టెలిఫోను సౌకర్యము స్తంభించెను. నిర్వాహకులు టిక్కెట్టు డబ్బు తిరిగి యిచ్చివేసిరి. పెద్ద వినోదవనములలో పండుగదినములందు నిట్టి యిబ్బంది కొంత యుండును. ఫోను బ్యాటరీయు మధ్యాహ్నమునకే యయిపోవును. మావాడు అదనపు బ్యాటరీ యొకటి సంచిలో మోసికొని వచ్చెను.

డబ్బు సంగతి వేఱు. ఆట ఉచితమే. లోపల నాణెములను అమ్ముదురు. పిల్లవాని చేతికి బ్యాంకుకార్డు ముడివేసిన ఫోను నిచ్చితిరా, జేబులోని జంతువు జేబునే మ్రింగును. మనము ఏ వీథిలో నెప్పుడు నడచితిమో ఆ సంస్థవారికి దెలియుచుండు ననునదియు మఱవరాదు. 2025లో నయాంటిక్ వారు తమ యాటల శాఖను 350 కోట్ల డాలర్లకు స్కోప్‌లీ అను సంస్థకు విక్రయించిరి. జనుల నడక కంత వెల పలికినది.

ఆ దినము రాత్రి వనము విడుచునప్పటికి మావాని ఫోను పదునాలుగు కిలోమీటర్లు లెక్కగట్టినది. మోకాళ్ళనొప్పులని ఇంట గడప దాటని నేనును నంతయు నడచితిని. తెల్లవారి లేవలేకపోయితిని. అది వేఱు మాట.

తిరిగి వచ్చునప్పుడు మనుమడు నా ఫోనులో నాటను బెట్టి యొక పని యప్పగించెను. ‘టోర్కోల్’ అను తాబేలు, వీపుచిప్పలోపల బొగ్గు మండుచుండును, మన ప్రాంతములందు దొరకును గాని వారి యొద్ద దొరకదు. దానిని బట్టి తనకీయవలయునట. అప్పటి నియమము ప్రకారము ఇచ్చువాడును పుచ్చుకొనువాడును నూరు మీటర్లలోపల నుండవలయును. టపాలో పంపుటకు వీలులేదు. మా యూరిలో మజిలీ లేదు. తాలూకా కేంద్రమున గుడియొద్ద నొకటి కలదు. పింఛను పనిమీద బోయినప్పుడెల్ల అచ్చట గాసేపు నిలిచెడివాడను. తాబేలు నాలుగవనాటికి జిక్కెను.

మరుసటి వేసవిలో వారందఱు నింటికి వచ్చిరి. అరుగుమీద గూర్చుండి తాబేలు నిచ్చి, ఆ మూడు తోకల యెద్దుకు జోడు నొకదానిని బుచ్చుకొంటిని. పిమ్మట వాడు బావిని జూపుమనెను. పూడిక తీయించి చాల యేండ్లైనది. ఇద్దరు కూలీలను బెట్టి తీయించితిని. మా యమ్మ కాలమున బడిపోయిన యిత్తడిచెంబు వచ్చెను, రెండు గిలకలు వచ్చెను, బిస్కత్తుల డబ్బా త్రుప్పుపట్టి పొడియై వచ్చెను. బిళ్ళ లన్నియు నేమైనవో, ఒక్కటి మాత్రము బురదలో దొరకినది. బొమ్మ చెరిగిపోయి పసుపురంగు మఱక మిగిలినది. అది పికాచు అని మావాడనును. కాదు, సైడక్కు అని మనుమడనును. ఆ బిళ్ళ యిప్పుడు నా మేజా సొరుగులో నున్నది.